మా పాలకి ధర మేమే చెప్పేవాళ్ళం

గేదెలున్న ఇంట్లో ప్యాకెట్ పాలు కొనుక్కోవడం మా ఊళ్ళో ఇప్పుడు మామూలైపోయింది. తెల్లారుజామున పితికిన పాలన్నీ పాల కేంద్రంలో పోసేసి, వచ్చే దారిలో కొట్లో అరలీటరు ప్యాకెట్ ఒకటి పట్టుకుని ఇంటికొస్తారు. అదేంటే అమ్మాయ్ అని అడిగితే, "మన పాలు చిక్కన గదా పిన్నీ, వెన్న బాగా వస్తుంది, అక్కడ పోస్తే నాలుగు డబ్బులెక్కువ. టీకి ఇవి చాల్లే" అంటారు. కాయితం మీద లెక్కేస్తే ఆ పిల్ల మాట నిజమే. పాలు పితికే మనిషి తన పిల్లలకి తన పాలు పోయకుండా చేసిన ఆ లెక్క ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్నదే నా గొడవ.

మా రోజుల్లో పాడి ఉన్న ఇల్లాలు పాలు కొంటే, గేదె వట్టిపోయిందనో దూడ పోయిందనో అనుకునేవాళ్ళు. పలకరించడానికి వచ్చి, వాళ్ళింటి పాలు ఓ చెంబుడు గట్టు మీద పెట్టి వెళ్ళేవాళ్ళు.

మా ఇబ్రహీంపట్నం సరుకు బయటికి పోవడానికి పెట్టింది పేరు. ముందు కృష్ణ, వెనక కొండపల్లి కొండలు. హైదరాబాదు నుంచి బెజవాడ మీదుగా బందరు పోయే రోడ్డూ, జగదల్‌పూర్ వైపు పోయే రోడ్డూ మా ఊళ్ళోనే కలుస్తాయి. కొండపల్లిలో రైలెక్కితే బెజవాడ, ఫెర్రీ దగ్గర పడవెక్కితే అవతల గుంటూరు జిల్లా. చుట్టూ జూపూడి, కేతనకొండ, మూలపాడు, తుమ్మలపాలెం, త్రిలోచనాపురం. ఒక్కో ఇంట రెండేసి మూడేసి గేదెలు, దొడ్లో పది కోళ్ళు, కొండవార ఊళ్ళలో గొర్రెల మందలు. పెద్ద రైతంటే పొలం ఉన్నవాడు. పొలం లేనివాళ్ళకీ, కౌలువాళ్ళకీ, మొగుడు పోయిన ఆడవాళ్ళకీ ఆ రెండు గేదెలే పొలం. వరి ఏడాదికి రెండుసార్లు డబ్బు చూపిస్తే గేదె రోజూ చూపించేది.

నేను కాపురానికి వచ్చేటప్పటికి పాల వ్యవహారమంతా మా అత్తగారి చేతిలో ఉండేది. మా మామగారు గడ్డి కోసుకొచ్చేవారు, దాణా తెచ్చేవారు, గేదెని ఏటికి తోలుకెళ్ళి కడిగేవారు. పితకడం, కొలవడం, అమ్మడం, లెక్క చూడడం మాత్రం ఆవిడే. పాలు మూడు రకాలుగా పోయేవి. కొన్ని వాడుక ఇళ్ళకి. కొన్ని తోడేసి పెరుగు. మిగిలినవి చిలికి వెన్న తీసి నెయ్యి. చిలికాక వచ్చిన మజ్జిగని అమ్మడం తప్పుగా చూసేవాళ్ళు. గిన్నె పట్టుకుని ఎవరొచ్చినా పోసి పంపేవాళ్ళం. గేదె లేని ఇళ్ళలో పిల్లలు పెరిగింది ఆ మజ్జిగ అన్నంతోనే. పాలు అమ్ముడుపోయినా వాటిలో సగం సత్తువ ఊళ్ళోనే ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

వాడుక ఇళ్ళంటే ఎవరు? బళ్ళో మేష్టారు, పోస్టాఫీసాయన, కోమటి కొట్టు వాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తులు. సోల నిండా కొలిచి పైన ఓ గుక్కెడు కొసరు పోయాలి. అది పోయకపోతే ఆ ఇంటావిడ అక్కడే నిలబెట్టి అడిగేది. నెలాఖరుకి గోడ మీద బొగ్గు గీతలు లెక్కపెట్టి డబ్బిచ్చేవాళ్ళు. నీళ్ళు కలిపితే? కాచగానే తెలిసిపోతుంది, మీగడ కట్టదు. మర్నాడు పొద్దున గుమ్మంలోనే మాట పడేది. "అత్తయ్యగారూ, నిన్న పాలు ఏటికెళ్ళి వచ్చినట్టున్నాయే" అనేవాళ్ళు. ఆ ఒక్క మాటకి భయపడి చాలామంది నీళ్ళ జోలికి పోలేదు. పోసేవాళ్ళ మొహం, తాగేవాళ్ళ మొహం రోజూ రెండు పూటలా ఎదురుపడేవి. తనిఖీ అంతా అదే.

ధర సంగతి. తెలగపిండి ధర పెరిగిందనుకోండి, తవుడు బస్తా పెరిగిందనుకోండి, మా అత్తగారు వాడుక ఇళ్ళన్నిటికీ ముందే చెప్పేది. "వచ్చే నెల నుంచి శేరుకి ఇంత పెంచుతున్నానమ్మా, పిండి మండిపోతోంది." వాళ్ళు మూతి తిప్పేవాళ్ళు, పక్కింటి గేదె గురించి మాట్లాడేవాళ్ళు, నాలుగు రోజులు గొణిగేవాళ్ళు. చివరికి ఆవిడ చెప్పిన దానికీ వాళ్ళు అనుకున్న దానికీ మధ్యలో ఎక్కడో కుదిరేది. చదువు లేని మనిషి. ఆవిడ సరుక్కి ఆవిడ ధర చెప్పేది, ఎందుకు పెంచిందో కారణం చెప్పేది, ఎదటివాళ్ళు విని జవాబు చెప్పేవాళ్ళు. ఇప్పుడు మా వీధిలో ఎంత చదువుకున్న కోడలైనా తన పాల ధర తను చెప్పగలదా? కేంద్రం గోడ మీద అంటించిన కాయితం చూసి ఎంతొచ్చిందో తెలుసుకోవడమే.

నెయ్యి దారి వేరు. మా అత్తగారు వెన్న పోగుచేసి కాచేది, దించబోయే ముందు తమలపాకు వేసేది, చల్లారాక గట్టిగా పూస కట్టేది. బెజవాడ ఒన్‌టౌన్ కొట్లలో మంచి నెయ్యికి ఎప్పుడూ గిరాకీ. వర్తకుడు ఓ బొట్టు చేతి వెనక రాసుకుని, రుద్ది, వాసన చూసి చెప్పేవాడు. డాల్డా కలిపినవాళ్ళు అక్కడే దొరికిపోయేవాళ్ళు. ఆ నెయ్యి డబ్బు మొగవాళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదు, అది ఆడవాళ్ళ డబ్బు. నా మెళ్ళో నానుతాడు, మా ఆడపడుచు పెళ్ళికి పెట్టిన గాజులు, మా పెద్దాడి కాలేజీ ఫీజు, అన్నీ నెయ్యిలోంచి వచ్చినవే.

ఇదంతా విని పాల కేంద్రాలు వచ్చి చెడగొట్టాయని నేనంటున్నానని అనుకోవద్దు. వాడుక ఇళ్ళ కాలంలో ఒక కష్టం ఉండేది, అది గేదె ఉన్నవాళ్ళకే తెలుసు. చలికాలంలో గేదెలన్నీ ఒకేసారి ఈనేవి. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా ఏ ఇంట చూసినా పాలే. కొనేవాళ్ళు మాత్రం ఆ పది ఇళ్ళవాళ్ళే. అందరూ నెయ్యి కాస్తే నెయ్యి ధరా పడిపోయేది. ఎండాకాలం వచ్చేసరికి గేదెలు చూడి కట్టి పాలు తగ్గిపోయేవి, అప్పుడు కొనేవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడేవాళ్ళు. బెజవాడకి సైకిళ్ళ మీద, రైళ్ళ మీద పాలు తోలే మధ్యవాళ్ళు ఆ అదను చూసి అడిగిన ధరకి గుంజుకునేవాళ్ళు. ఎన్ని పాలొచ్చినా కాదనకుండా తీసుకునే చోటు ఒకటి కావాలి. అది చిట్టినగర్ పాల ఫ్యాక్టరీతో వచ్చింది.

1960ల్లో యునిసెఫ్ యంత్రాల సాయం చేస్తే ప్రభుత్వం బెజవాడలో ఆ పాల ఫ్యాక్టరీ పెట్టింది. ఎక్కువైన పాలని వెన్నా పొడీ చేసి దాచి, ఎండాకాలం మళ్ళీ కలిపి వాడే పద్ధతి మేం మొదటిసారి విన్నది అప్పుడే. 1974లో రాష్ట్రానికంతా పాడి అభివృద్ధి కార్పొరేషన్ పెట్టారు. 1981లో అది సమాఖ్యగా మారింది. గుజరాత్‌లో ఆనంద్ పద్ధతే ఇదీ. ఊరికో సంఘం, జిల్లాకో యూనియన్, పైన రాష్ట్ర సమాఖ్య. సంఘంలో పాలు పోసేవాళ్ళే ఓటు వేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఆనంద్‌లో ఆ పద్ధతి నడిపిన కురియన్ గారు దేశమంతా తెచ్చిన పాల వెల్లువలో మేమూ కలిశాం. మా వైపు పాల వ్యాను పల్లెల్లో క్యాన్లు ఎక్కించుకుని, గొల్లపూడి, భవానీపురం దాటి, చిట్టినగర్ సొరంగంలోంచి ఫ్యాక్టరీకి చేరేది. మధ్యవాడి సైకిల్ ఊళ్ళోకి రావడం మానేసింది. మంచి పనే. నేను ఇవాళ్టికీ ఆ మాటే అంటాను.

ఆ సంఘం తొలిరోజుల్లో వెన్న చూసే తీరు నాకు బాగా గుర్తు. గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల ఆసిడ్ పోసేవాడు, దాని మీద మన పాలు కొలిచి పోసేవాడు, ఇంకేదో మందు ఓ మిల్లీలీటరు కలిపి బిరడా బిగించేవాడు. గొట్టం చేత్తో పట్టుకోలేనంత వేడెక్కేది. గుండ్రటి డబ్బాలో పెట్టి గిరగిరా తిప్పేవాడు. తీసి ఎత్తి చూపిస్తే పైన పచ్చటి నూనె తేరుకుని ఉండేది, పక్కన గీతలు. "చూసుకో అక్కా, ఏడున్నర" అనేవాడు. మేం కళ్ళతో చూసేవాళ్ళం. అనుమానం వస్తే మళ్ళీ చెయ్యమనేవాళ్ళం. గొట్టం వంచాడనో, మన శాంపిలు పక్కింటివాళ్ళ శాంపిలుతో కలిపాడనో పోట్లాటలు జరిగేవి. జరిగితే ఏం? పోట్లాడే చోటంటూ ఉండేది. సంఘం మీటింగులో ఆడవాళ్ళం వెనక కూచున్నా గొంతు ముందుకే వినపడేది.

ఇప్పుడు చిన్న యంత్రం. గ్లాసుడు పాలు పెడితే క్షణంలో అంకెలు వస్తాయి. వెన్న ఇంత, వెన్న కాని ఘనపదార్థం ఇంత, నీళ్ళు ఇంత. చీటీ చేతికిస్తారు. యంత్రం అబద్ధం చెబుతుందని నేననను. దాని ముందు నోరు పెగలదు, అదే బాధ. నిన్న ఏడు, ఇవాళ ఆరున్నర ఎందుకొచ్చిందని అడిగితే "మిషన్ అలా చెప్పిందమ్మా" అంటాడు ఆ కుర్రాడు. వాడి తప్పూ లేదు.

కారణాలు ఉంటాయి, పితికేవాళ్ళకి తెలుసు. మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. చివరి ధారలు దూడకి వదిలితే కేంద్రంలో వెన్న తగ్గుతుంది. పొద్దుటి పాలకన్నా సాయంత్రం పాలు చిక్కన, మధ్యలో ఎడం తక్కువ కాబట్టి. మేత మారితే మారుతుంది, ఈనాక ఎన్ని నెలలైందో దాన్నిబట్టీ మారుతుంది. ఇక ధర కట్టే పద్ధతి చూడండి. కిలో వెన్నకి ఇంతని పెడతారు. కిలో వెన్న 800 రూపాయలనుకుంటే, ఏడు శాతం వెన్న ఉన్న పాలు కిలోకి 56 రూపాయలు. ఆరు శాతం ఉంటే 48. దూడకి నాలుగు ధారలు వదిలితే మన చేతిలో కిలోకి ఎనిమిది రూపాయలు పోవచ్చు. ఇది తెలిశాక దూడకి ఎవరు వదులుతారు? మగదూడ పుడితే మరీ. నాలుగు వారాలు బతికితే గొప్ప. మా రోజుల్లో దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి గేదె ముందు పెట్టేవాళ్ళం. అది నాకుతూ చేపేది. చూడలేక మా అత్తగారు మొహం తిప్పుకుని పితికేది. ఇప్పుడు దూడతో పనే లేకుండా సూది పొడిచి చేపిస్తున్న ఇళ్ళున్నాయి. అది చట్టానికి విరుద్ధం. గేదె ఒంటికీ మంచిది కాదని పశువుల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు.

ఇంకో సంగతి. కేంద్రంలో పోసిన ఏడు శాతం పాలు ప్యాకెట్లో తిరిగొచ్చేటప్పటికి ఏమవుతాయి? టోన్డ్ పాలంటే మూడు శాతం వెన్న. ఫుల్ క్రీమ్ అన్నదే ఆరు శాతం. తీసిన వెన్న నెయ్యి అవుతుంది, ఐస్‌క్రీమ్ అవుతుంది, ఎక్కడికో పోతుంది. తవుడు సంగతీ అంతే. మా రోజుల్లో ఊళ్ళో మిల్లులో బియ్యం ఆడిస్తే తవుడు మనింటికే వచ్చేది, జిడ్డుగా, తియ్యటి వాసనతో. ఇప్పుడు ఆ తవుడులోంచి ఫ్యాక్టరీలు నూనె పిండుకుని పొడి తవుడు బస్తాల్లో అమ్ముతున్నాయి. గేదెకి నూనె తీసిన తవుడు, మనిషికి వెన్న తీసిన పాలు. పల్లె రెండూ డబ్బిచ్చి కొనుక్కోవాలి.

మేత గురించి చెప్పకుండా పాల ధర గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. డెల్టా పల్లెల్లో వరి కోతకి ముందే తేమ మీద పిల్లిపెసర, జనుము చల్లేవాళ్ళు. కోత అయ్యేటప్పటికి చేను పచ్చగా ఉండేది. గేదెలకి అది పండగ. వెన్న దానంతటదే పెరిగేది. దాళ్వా లేని చోట మినుము, పెసర. కోసిన వరి కుప్పవేసి, నూర్చి, గడ్డి వాము వేస్తే వచ్చే వానాకాలం దాకా దిగులు లేదు. ఇప్పుడు కోత యంత్రం వచ్చి గంటలో ఎకరం కోసేస్తుంది. గడ్డి నలిగి చెల్లాచెదురవుతుంది. కట్టలు కట్టే యంత్రానికి మళ్ళీ డబ్బు, లేదంటే పొలంలోనే తగలబెడతారు. వరి తర్వాత మొక్కజొన్న వేస్తున్నారు, పిల్లిపెసర విత్తనాలు అడిగితే కొట్లో కుర్రాళ్ళు అదేంటని అడుగుతున్నారు. మా ఊరి చుట్టూ అయితే చేలే ప్లాట్లయ్యాయి. 2014 చివర్లో రాజధాని అవతలి ఒడ్డున అన్నారు, ఇవతల గజం ధర ఎక్కడికో పోయింది. పోరంబోకు మీద కంచెలు పడ్డాయి. గేదెని ఎక్కడ మేపాలి? అన్నీ కొనిపెట్టాలి. కొన్న మేత మీద లీటరుకి ఎంత ఖర్చవుతోందో ఆ గోడ మీద కాయితం రాసేవాళ్ళు ఎప్పుడైనా మా దొడ్లోకి వచ్చి అడిగారా?

1991లో పాల పరిశ్రమకి లైసెన్సుల అడ్డు తీసేశారు. ప్రైవేటు డెయిరీలు వచ్చాయి. 1995లో పరస్పర సహాయ సహకార చట్టం వచ్చాక మన కృష్ణా మిల్క్ యూనియన్ కూడా దాని కిందికి మారింది, ప్రభుత్వం పెత్తనం తగ్గింది. 2020 చివర్లో ప్రభుత్వమే అమూల్‌ని రాష్ట్రానికి తెచ్చింది. పోటీ వస్తే రైతుకి ధర వస్తుందన్నారు. కొన్నాళ్ళు వచ్చింది కూడా. మా వీధికి ఒక ప్రైవేటు డెయిరీ ఏజెంటు వచ్చి, ఎండాకాలం రెండు రూపాయలెక్కువిచ్చి, గేదె కొనుక్కోవడానికి అడ్వాన్సులిచ్చి, అందరి పాలూ తన క్యాన్లోకి తిప్పుకున్నాడు. చలికాలం వచ్చింది. పాలు పొంగాయి. వెన్న పడలేదనీ, పాలు విరిగాయనీ, ఇవాళ వ్యాను రాదనీ మొదలుపెట్టాడు. అడ్వాన్సు తీరేదాకా పక్క కేంద్రానికి పోవడానికి లేదు. బకాయిలు పెట్టి, ఒకనాడు రావడమే మానేశాడు. మా పక్కింటి కోడలు ఆ ఏడు చూడి గేదెని అమ్ముకుంది. సంఘంలో మీటింగుంది, లెక్కలున్నాయి, ఓటుంది. ఏజెంటు దగ్గర ఏముంది? ఫోన్ నంబరు. ఎత్తడు.

గుడ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, అది మా చేతిలోంచి ఎప్పుడో పోయింది. దొడ్లో పెట్ట గుడ్లు పెట్టేది, కొన్ని పొదగేసేవాళ్ళం, కొన్ని అమ్మేవాళ్ళం. గంపలో ఊక పోసి గుడ్లు సర్దుకుని ఓ ముసలమ్మ ఇంటింటికీ వచ్చి కొనుక్కునేది, బెజవాడలో అమ్ముకునేది. తర్వాత ఫారాలు వచ్చాయి. వేలకి వేలు కోళ్ళున్నవాళ్ళనే దళారులు ముంచేస్తుంటే, 1982లో బి.వి. రావు గారు ఊరూరా తిరిగి కోళ్ళ రైతుల్ని కూడగట్టి గుడ్ల సమన్వయ కమిటీ పెట్టారు. మా గుడ్డుకి ధర మేమే చెబుతామన్నారు. ఇవాళ్టికీ విజయవాడ గుడ్డు ధర రోజూ పేపర్లో పడుతుంది. చూశారా? కోళ్ళ ఫారాలవాళ్ళు చెయ్యగలిగింది రెండు గేదెలున్న ఆడవాళ్ళు ఎందుకు చెయ్యకూడదు? ఆ ప్రశ్నకి నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

గొర్రెలవాళ్ళ కథ ఇంకా ఘోరం. కొండవార మేపుకుని, ఎండాకాలం కోసిన చేలలో మంద కట్టేవాళ్ళు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే ఎరువు. పొలం రైతు ధాన్యం కొలిచేవాడు. మాంసం కన్నా ముందు ఎరువే వాళ్ళ సరుకు. ఇక జీవాల బేరం తువ్వాలు కిందే. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి గుడ్డ కప్పుకుని వేళ్ళతో మాట్లాడుకునేవి. బయటివాళ్ళకి తెలిసేది కాదు. మధ్యలో దళారి. బేరం చాటుగా ఉంటే నష్టపోయేది అవసరం ఉన్నవాడే. పొట్టేలు ఎన్ని కిలోలో కాటా లేదు, కంటి చూపే. బెజవాడలో మాంసం కొట్టు ముందు మాత్రం గ్రాములతో సహా తూస్తారు. ఆ తువ్వాలు నాకు ఏనాడూ నచ్చలేదు. పాత పద్ధతి కదా అని దాన్ని వెనకేసుకు రాను.

నేను పాతకాలాన్ని మెచ్చుకునేది ఒక్కందుకు. పాలు పోసే ఆడది ధర మాటలో ఉండేది. ఆ వాడుక కొత్తవాళ్ళ దాకా సాగింది. 1979లో థర్మల్ విద్యుత్ కేంద్రం నడవడం మొదలయ్యాక మా ఊరి పక్కన కాలనీ వచ్చింది. అంతకుముందే గుంటుపల్లి రైల్వే వర్క్‌షాపు వైపు ఉద్యోగస్తుల ఇళ్ళు ఉండేవి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు, తమిళులు, ఉత్తరాదివాళ్ళు. మా తోటివాళ్ళు క్యాను మోసుకుని క్వార్టర్ల మెట్లెక్కి పోసేవాళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళు పెళ్ళిళ్ళకి వచ్చారు, గేదె ఈనితే జున్నుపాలు తీసుకున్నారు, మా పిల్లలకి లెక్కలు చెప్పారు. పాలు పోయిన దారిలో అవన్నీ తిరిగొచ్చాయి. సంఘం వచ్చాక పాసుపుస్తకం ఎవరి పేర రాశారో అడగండి. చాలా ఇళ్ళలో మొగుడి పేర. పితికేది ఆవిడ, పోసేది ఆవిడ, డబ్బు పడేది ఆయన ఖాతాలో. నెయ్యి డబ్బు ముట్టుకోని ఇళ్ళలో పాల బిల్లు మాత్రం బ్యాంకు దగ్గరే మాయమవడం నేను చూశాను. ఏ యంత్రం ఎంత మంచిదైనా ఈ నష్టం ఎవరు కట్టిస్తారు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. మా మండలం వైపే మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ దాకా బెజవాడలో సగం మునిగింది. గొడ్లు కట్టుకొయ్యల దగ్గరే పోయాయి. పట్నంలో పసిపిల్లలకి పాల ప్యాకెట్లు పడవల మీద, డ్రోన్ల మీద పంపించారు. పంపినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ మునగని వీధుల్లో కూడా ప్యాకెట్ వ్యాను రాకపోతే పాలు లేవన్నారు! పక్క పల్లెల్లో గట్టు మీద గేదెలున్నాయి, వాటి పొదుగులు నిండాయి, కేంద్రానికి వ్యాను రాక పాలు పారబోసుకున్న ఇళ్ళున్నాయి. రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో ఒకచోట పాలు నేల పాలు, ఇంకోచోట పిల్లల ఏడుపు. వాడుక తెగిపోతే ఎలా ఉంటుందో ఆ వారం కళ్ళారా చూశాం.

తెగిన వాడుకని మళ్ళీ కలపడానికి దారి లేకపోలేదు. 1999 జనవరిలో రైతు బజార్లు పెట్టారు. కూరగాయలు పండించేవాళ్ళకి చోటిచ్చారు, కాటా ఇచ్చారు, గుర్తింపు కార్డిచ్చారు, పొద్దున్నే ధరల బోర్డు రాశారు. బస్సులో బుట్టలు తెచ్చుకోనిచ్చారు. చాలా మంచి పని. వంకాయ పండించే మనిషికి దొరికిన ఆ గౌరవం పెరుగు తోడేసే మనిషికి ఎందుకు దొరకలేదు? డెయిరీల స్టాళ్ళు చూస్తాను గానీ, తన గేదె పెరుగు తనే అమ్ముకునే ఆడమనిషికి బల్ల వేసిన రైతు బజారు మా చుట్టుపక్కల నాకు కనపడలేదు. శుభ్రత మాట ఎత్తుతారు. ఎత్తండి. పరీక్ష యంత్రం ఊరూరా ఉంది కదా, అక్కడా ఒకటి పెట్టండి. కొనేవాళ్ళ ఎదురుగా గ్లాసుడు పాలు పెట్టి అంకె చూపిస్తాం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో చిన్న అమ్మకందారులు ఏడాదికి వంద రూపాయలు కట్టి పేరు నమోదు చేసుకునే వీలుంది. ఆ కాయితం ఎలా పెట్టుకోవాలో పంచాయతీలో ఒక్కరు కూచుని మా ఆడపిల్లలకి చెబితే చాలు. పాసుపుస్తకాలు పితికేవాళ్ళ పేర మార్చండి. మేత ధర, తవుడు ధర చూశాకే పాల ధర కట్టండి. ఆ కాయితం గోడకి అంటించే ముందు సంఘంలో చదివి వినిపించండి. చలికాలం పొంగే పాలకి ఫ్యాక్టరీ కావాలి, ఎప్పటికీ కావాలి. అన్ని పాలూ దానికే పోవాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. మూడు ముర్రా గేదెలు. పొద్దుటి పాలు కేంద్రంలో పోస్తుంది. సాయంత్రం పాలు గొల్లపూడి వైపు కొత్త అపార్టుమెంట్లలో పోయడం మొదలుపెట్టింది, స్కూటీ మీద, స్టీలు క్యాన్లో. కొనేవాళ్ళంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మొన్న పత్తిగింజల పిండి బస్తా ధర పెరిగితే బస్తా మీద చీటీ ఫోటో తీసి అందులో పెట్టింది, వచ్చే నెల నుంచి లీటరుకి మూడు రూపాయలు పెంచుతున్నానని రాసింది. ఇద్దరు ఎక్కువన్నారు, ఒకావిడ పక్క ఊళ్ళో తక్కువకి వస్తున్నాయంది, మిగతావాళ్ళు సరేనన్నారు. రెండు రూపాయల దగ్గర తేలింది. నాకొచ్చి చెబితే, ఇంట్లో పిల్లలకి ఎన్ని పాలు ఉంచుతున్నావని అడిగాను. పూటకి లీటరు, అవి తీశాకే మిగతా కొలుస్తాను పిన్నీ అంది.